గడ్డం మాస్టర్ కోట యుద్ధం

కోట మళ్ళీ కూలింది. ద్వారం విరిగింది, గుర్రాలు లోపలికి దూసుకొచ్చాయి, బురుజు మీద జెండా కిందపడింది, టీవీ తెరంతా ఎర్రబడిపోయింది. ఆ ఎరుపులోకి, పిలవని పేరంటానికి వచ్చినట్టు, తెల్లగడ్డం మంత్రి ఒకడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ! తొందరపాటు రాజ్యానికి చేటు," అన్నాడు.

"తొందర నాది కాదురా ముసలోడా, నా వేలిది!" అని అరిచి గడ్డం మాస్టర్ కంట్రోలర్‌ను సోఫాలోకి విసిరికొట్టాడు.

వంటింట్లోంచి ఆయన భార్య తల బయటపెట్టింది. "గెలిచారా?"

"గెలిస్తే ఇలా అరుస్తానా?"

"మీరు గెలిచినా అరుస్తారుగా," అని ఆవిడ తల లోపలికి లాక్కుంది.

మాస్టర్ అంటే బడిపంతులు అనుకునేరు. సెలూన్ మాస్టర్. గడ్డం అనే మాట ఆయన పేరు ముందుకు వచ్చింది ఒక సినిమా పుణ్యమా అని. పిడికెడు మందితో కోటను నిలబెట్టుకున్న ఒక దొర కథ అది. కథ సంగతి ఎలా ఉన్నా ఆ దొర గడ్డం మాత్రం జనానికి పిచ్చెక్కించింది. దవడ కింద గీత గీసినట్టు కోసి, చెంపల దగ్గర పలచబరిచి, చుబుకం దగ్గర కాస్త మొనదేల్చాలి. ఆ పేటలో దాన్ని మాస్టర్‌లా దించగలిగినవాడు ఇంకొకడు లేడు. బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, పెళ్ళికొడుకు, ఆ పెళ్ళికొడుకు మామగారు, అందరూ వచ్చి అదే గడ్డం పెట్టించుకుని వెళ్ళారు. మాస్టర్ ఆ సినిమాను మొదట గడ్డం కోసమే చూశాడు. తర్వాత యుద్ధం కోసం చూశాడు. ఆ తర్వాత ఎందుకు చూస్తున్నాడో ఆయనకే తెలీదు, భార్య అడగడం మానేసింది.

గిరాకీ పెరిగింది కదా అని సెలూన్‌లో కొత్త అద్దం పెట్టాలనుకున్నాడు. పాతది దింపుతుంటే జారింది. పడే కత్తెరను ఎప్పుడూ పట్టుకోబోకండి అని పని నేర్చుకునే ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే మనిషి, పడే అద్దాన్ని పట్టుకోబోయాడు. ఇంకేముంది! కుడిచేతి బొటనవేలి మొదట్లో గాజు దిగి నరం తెగింది. ఆస్పత్రిలో అతికించారు. కుట్లు ఊడదీశారు. వేలు మాత్రం అలిగిన అల్లుడిలా బిర్రబిగుసుకుని కూర్చుంది.

ఆ వేలిని దారికి తెచ్చే బాధ్యత ఒక ఫిజియోథెరపీ అమ్మాయిది. చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉంటుంది, మాట మాత్రం హెడ్మాస్టర్ మాట.

"నరం అతుక్కుంది. కానీ దాని చుట్టూ మచ్చ గట్టిపడుతోంది. ఇప్పుడు కదిలిస్తే వేలు కదులుతుంది. ఇప్పుడు వదిలేస్తే అక్కడే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి మొత్తుకున్నా లాభం లేదు," అని మొదటిరోజే కుండబద్దలు కొట్టింది.

పిసకడానికి మెత్తటి ముద్ద ఒకటి, నొక్కడానికి బట్టల క్లిప్పులు గుప్పెడు ఇచ్చి పంపింది. మాస్టర్‌కు తల తీసేసినట్టయింది. "ఊళ్ళో తలలన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయే! ఇప్పుడు పసిపిల్లాడిలా ముద్దలు పిసకమంటుందా!" అని క్లిప్పులన్నీ దండేనికి తగిలించి పారేశాడు. పొద్దున్నే భార్య ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే మాత్రం గోడ వైపు చూసేవాడు.

అప్పుడు దిగాడు బావమరిది. కొరియర్ వ్యాను నడుపుతాడు. ఊరంతటికీ పొట్లాలు పంచుతాడు, వాటితోపాటు సలహాలూ పంచుతాడు.

"బావా, నీ సినిమా మీద ఆటొచ్చింది తెలుసా? నువ్వే దొరవి. నువ్వే కోట కాపాడాలి," అని తన ఆట డబ్బా తెచ్చి టీవీకి తగిలించాడు. మర్నాడు బావతోపాటు ఆ కంట్రోలర్‌నూ పట్టుకెళ్ళి ఫిజియో అమ్మాయికీ చూపించాడు. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ ఆకుపచ్చ బటన్ కుడి బొటనవేలితో నొక్కిపట్టాలా? బావుంది. ముద్ద పిసకనంటే ఇదైనా ఆడండి. గెలిచారో ఓడారో నాకనవసరం. ఆ వేలు పనిచెయ్యాలి. వారానికోసారి వచ్చి చూపించండి."

గెలుపోటములు అనవసరమట! యుద్ధంలో! ఆ మాట మాస్టర్ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు.

ఆటలో చిక్కంతా ఆ ఆకుపచ్చ బటన్ దగ్గరే ఉంది. ఎడమచేత్తో దొర గుర్రాన్ని తిప్పడం పెద్ద పని కాదు. కోటగోడ మీద విలుకాళ్ళు బాణాలెక్కుపెట్టి ఉంటారు. బటన్ నొక్కి పట్టినంతసేపూ ఆగుతారు. వదలగానే వదులుతారు. శత్రువుల గుర్రాలు కందకం అంచుదాకా వచ్చేవరకూ ఆపి, అప్పుడు వదలాలి. సినిమాలో దొర చేసిందీ అదే, థియేటర్‌లో ఈలలు పడిందీ అక్కడే. మాస్టర్‌కు ఆ ఘట్టం కంఠతా వచ్చు. ఎప్పుడు వదలాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఏం లాభం? గుర్రాలు ఇంకా చింతాకంత కనిపిస్తుండగానే బొటనవేలు వణకడం మొదలుపెట్టేది. మణికట్టు దాకా సలుపు పాకేది. పళ్ళు బిగబట్టేవాడు. ఊపిరి బిగబట్టేవాడు. వేలు మాత్రం తన మానాన తాను జారిపోయేది. బాణాలన్నీ వెళ్ళి ఖాళీ బురదలో గుచ్చుకునేవి. ఆ వెనకే గుర్రాలు, ఆ వెనకే మంత్రి.

"కాస్త ఓపిక పట్టు బావా. గుర్రాలు దగ్గరికి రానీ," అనేవాడు బావమరిది, సోఫా చేతి మీద కూర్చుని కాళ్ళూపుతూ.

"నాకు చెబుతావా! ఆ సీను నీకు చూపించింది ఎవడ్రా?"

"చూపించావు సరే. చెయ్యాలి కదా."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా! మాస్టర్‌కు ఒళ్ళు మండిపోయేది. పగలంతా అదే యుద్ధం. భార్య మందుల షాపులో పనికి వెళ్ళేటప్పుడు ఏ కుర్చీలో ఉన్నాడో తిరిగొచ్చేటప్పటికీ అదే కుర్చీలో ఉండేవాడు. కోట కూలడం, కంట్రోలర్ ఎగరడం, మంత్రికి తిట్లు. ఆ మంత్రి చేతికి చిక్కితే సగం మీసం తీసేసి సగం వదిలేస్తానని శపథం కూడా చేశాడు. కోపమంతా మంత్రి మీద చూపించేవాడు గానీ లోపల దడ వేరే ఉంది. సెలూన్ షట్టరు దించి ఉంది. పాత గిరాకీలు వీధి చివర కొత్త సెలూన్‌కు అలవాటు పడుతున్నారు. ఈ వేలు రాకపోతే తానెవరు? ఆ ప్రశ్న గొంతులోకి వచ్చినప్పుడల్లా మళ్ళీ యుద్ధం మొదలుపెట్టేవాడు.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోట వరసగా కూలుతూనే ఉంది. చిర్రెత్తుకొచ్చి, కనీసం ఆ ముసలోడి నోరైనా నొక్కేద్దామని సెట్టింగుల్లోకి వెళ్ళాడు. మాటలు ఆపే మీట కోసం వెతుకుతుంటే, పాటలు, వెలుగు, భాష అన్నీ దాటాక ఒక వరస కనిపించింది: ఎడమచేతి వాటం వారికి. అది నొక్కితే పనులు తారుమారవుతాయి. విలుకాళ్ళు ఎడమచేతికి వస్తారు. గుర్రం కుడిచేతికి పోతుంది. దానికి వేలు కూడా అక్కర్లేదు, అరచేత్తో నెడితే చాలు.

మాస్టర్ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఈ ఒక్కసారికే," అన్నాడు పైకి. ఎవరికి చెప్పాడో!

గుర్రాలు వచ్చాయి. ఎడమ బొటనవేలు బండరాయిలా నిలబడింది. కందకం అంచుదాకా రానిచ్చి వదిలాడు. బాణాలు చీకటి కమ్మినట్టు లేచాయి. గుర్రాలు కుప్పలుగా కూలాయి, కోట నిలిచింది, బూరలు మోగాయి. మాస్టర్ కుర్చీలోంచి లేచి ఒక్కడే గదంతా గంతులేశాడు. ఎన్నాళ్ళయిందో ఆయన ఏదైనా గెలిచి! ఆ సంతోషం ముందు బొటనవేలు ఎవరికి గుర్తొస్తుంది?

సాయంత్రం బావమరిది వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు. "గెలిచావా! అక్కా, బావ కోట గెలిచాడే!"

ఆవిడ సంచీ కూడా కింద పెట్టకుండా వచ్చి తెర ముందు నిలబడింది. "అంటే వేలు వచ్చినట్టేనా?"

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. "వస్తోంది, వస్తోంది," అన్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అది చూశాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

ఒక్కసారికే అన్నది రెండోసారికి, ఆపైన అలవాటుగా మారింది. నది ఒడ్డున గెలిచాడు, కనుమలో గెలిచాడు, సామంతులందరినీ పాదాక్రాంతం చేసుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని అరచేత్తో గుర్రాన్ని నెడుతూ కూర్చునేది. ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. "కోటలు గెలిచేవాడికి ముద్దలు దేనికే?" అనేవాడు భార్యతో. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే స్నానంలో ఉన్నానని చెప్పించేవాడు. చిత్రమేమిటంటే, కొన్నాళ్ళకు ఆయనే నమ్మేశాడు. ఇన్ని గెలుపులు వస్తున్నాయంటే లోపల వేలు కూడా ఎంతో కొంత బాగుపడే ఉంటుందిలే అనుకున్నాడు. కత్తెర పట్టుకుని చూద్దామని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోలేదో, అనుకోవడానికి భయపడ్డాడో!

భార్య ఊరుకుంటుందా? సెలవు పెట్టి సెలూన్ షట్టరెత్తి, అద్దాలు తుడిచి, దుప్పట్లు ఉతికి ఆరేసింది. షాపుకు మందులకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆదివారం తెరుస్తున్నామని చెప్పింది. మొదటి తల నాదే అని బావమరిది ఎప్పుడో రాయించుకున్నాడు. మొక్కుకోసం జుట్టు పెంచుతున్నవాడిలా చెవుల మీదికి దించుకుని తిరుగుతున్నాడు.

ఆదివారం వచ్చింది. బావమరిది కుర్చీలో కూర్చున్నాడు. వెనక బెంచీ మీద బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా పేపరు పంచుకుని చదువుతున్నారు. భార్య ఇస్త్రీ చీర కట్టుకుని గల్లా పెట్టె పక్కన నిలబడింది. మాస్టర్ దుప్పటి దులిపి బావమరిది మెడకు చుట్టాడు. ముడి భార్యతో వేయించాడు.

"ఏం బావా, దొర గడ్డమేనా నాకూ?"

"ముందు తల కానీరా," అన్నాడు మాస్టర్.

కత్తెర తీశాడు. ఉంగరపు వేలు ఒక కన్నంలో, బొటనవేలు ఇంకో కన్నంలో. తెలియనివాళ్ళు కత్తెరంటే రెండు రెక్కలూ ఆడతాయనుకుంటారు. చేతనైనవాడి కత్తెరలో ఒక రెక్క కదలనే కదలదు, తల పక్కనే నిశ్చలంగా ఉంటుంది. రెండోదాన్ని బొటనవేలు ఆడిస్తుంది. పనంతా ఆ ఒక్క వేలిదే. ఎడమచేత్తో దువ్వెన పెట్టి జుట్టు లేపాడు. కత్తెర దగ్గరికి తీసుకెళ్ళాడు. తెరుచుకో అన్నాడు మనసులో.

తెరుచుకోలేదు.

మళ్ళీ చూశాడు. రెక్క సగం తెరుచుకుని, వంకరగా మూసుకుని, జుట్టును కొరికి పట్టుకుంది.

"అబ్బా! బావా, కోస్తున్నావా పీకుతున్నావా?"

"కదలకు."

"నేనెక్కడ కదిలాను!"

వెనక పేపరు చప్పుడు ఆగిపోయింది. మాస్టర్ ఇంకోసారి బలమంతా పెట్టాడు. అంతకుముందు కాస్తో కూస్తో వణికే వేలు, ఇప్పుడు వణకడం కూడా లేదు. కర్రముక్కలా ఉండిపోయింది. కత్తెర జారి నేల మీద ఖంగుమని పడింది. వంగి తీసుకోబోయాడు. ఆయనేమీ ఆలోచించకముందే ఎడమచెయ్యి చటుక్కున ముందుకెళ్ళి కత్తెర అందుకుంది. అందుకోవడమే కాదు, బొటనవేలు దూర్చి టకటకమని ఆడించింది కూడా.

భార్య అది చూసింది. కుడిచెయ్యిని చూసింది, ఎడమచెయ్యిని చూసింది, ఆయన మొహం చూసింది. మాస్టర్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

"కోట గెలిచింది ఈ చెయ్యా?" అంది మెల్లగా.

ఆయన తల దించుకున్నాడు.

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత బెంచీ వైపు తిరిగి, మందుల షాపులో గిరాకీలతో మాట్లాడే గొంతుతో, "ఏమనుకోకండి, కత్తెరకు పదును పోయింది. రెండ్రోజులాగి రండి," అంది.

వాళ్ళు లేచారు. అదిగో, అక్కడ మాస్టర్‌కు గుచ్చుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన కత్తెర మీద నింద! రోజూ పొద్దున్నే తుడిచి, నూనె చుక్క వేసి, వేరేవాళ్ళను ముట్టుకోనివ్వని కత్తెర అది. ఆ కత్తెరకు పదును పోయిందని ఈ సెలూన్‌లో ఇంతవరకూ ఎవరూ అన్నది లేదు. తన పరువు కాపాడటానికి ఆ మాట ఆవిడ నోట రావాల్సొచ్చింది.

"కత్తెరకేమీ కాలేదు," అన్నాడు. మళ్ళీ, ఈసారి వినపడేలా అన్నాడు. "కత్తెర బావుంది. నా వేలే పనిచెయ్యట్లేదు. పనిచేస్తోందని ఇంట్లో అబద్ధం చెప్పాను. మీరు ఆ కొత్త సెలూన్‌కే వెళ్ళండి. వచ్చినప్పుడు నేనే కబురు పెడతాను. వస్తే."

బస్సు డ్రైవరు దగ్గరికొచ్చాడు. మాస్టర్ భుజం మీద చెయ్యి వేసి తీసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గుమాస్తా పేపరు మడిచి బెంచీ మీద పెట్టి ఆయన వెనకే వెళ్ళాడు.

బావమరిది దుప్పటి మెడకు ఉండగానే లేచాడు. ఒక చెవి పక్కన జుట్టు ఎలుకలు కొరికినట్టుంది. "నువ్వు చిన్నపిల్లాడివా బావా? ఆట గెలిస్తే ఎవడికి కావాలి, ఓడితే ఎవడికి కావాలి! నీ వేలు కోసం కదా నేను తెచ్చింది!" అన్నాడు. దుప్పటి ముడి తనే విప్పుకుని కుర్చీ మీద పడేశాడు.

మర్నాడు భార్య వెంటబెట్టుకుని తీసుకెళితే, ఫిజియో అమ్మాయి వేలిని వంచి చూసింది, చాచి చూసింది, మచ్చ మీద నొక్కి చూసింది. నొక్కుతున్నకొద్దీ ఆ అమ్మాయి మొహం ముడుచుకుపోయింది. మాస్టర్ అంతా చెప్పాడు, సెట్టింగుతో సహా. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది.

"పోయిన వారాలను నేను తెచ్చివ్వలేను," అంది. "కొంత బిగుసుకుపోయింది. ఎంత విడుతుందో నాకు తెలీదు. పూర్తిగా వస్తుందని నేను మాటివ్వను. మొదలుపెట్టాల్సింది మాత్రం ఇవాళే."

ఇంటికొచ్చారు. భార్య సంచీ మూల పెట్టి, టీవీ పెట్టి, సెట్టింగుల్లోకి ఎలా వెళ్ళాలో ఆయన్నే అడిగి, ఎడమచేతి వాటం తీసేసింది. గెలిచిన కోటలన్నీ చెరిపేసి ఆటను మొదటికి తెచ్చింది. కంట్రోలర్‌ను ఆయన కుడిచేతిలో పెట్టి, గుర్రాన్ని తిప్పడం తానే తిప్పుతానని దాని రెండో కొస తన చేత్తో పట్టుకుంది. ఆయన ఎడమచెయ్యిని లాగి తన చంకలో బిగించుకుంది.

"ఇదెందుకే?"

"అది పరాయి సొమ్ముకు అలవాటు పడింది. నా దగ్గరుంటుంది."

గుర్రాలు కొండ దిగాయి. ఆయన బొటనవేలిని బటన్ మీద ఆనించి నొక్కాడు. నొక్కడం కాదు, భుజంతో తోశాడు. మచ్చ కింద నిప్పు పెట్టినట్టయింది. విలుకాళ్ళు ఇలా ఎక్కుపెట్టారో లేదో బాణాలు అలా జారిపోయాయి. ఆవిడకు గుర్రం తిప్పడం అసలే రాదు, దొర వెళ్ళి గోడకు గుద్దుకుని అక్కడే తిరుగుతున్నాడు. కోట కూలింది. ఆవిడ ఆట మళ్ళీ పెట్టింది. కూలింది. మళ్ళీ పెట్టింది. మొదటి రోజుల్లో నిలబెట్టినంతసేపు కూడా ఇప్పుడు నిలబెట్టలేకపోతున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుస్తోంది.

"నా వల్ల కాదు!" అని అరిచాడు. ఎడమచెయ్యి విడిపించుకోబోయాడు, ఆవిడ వదల్లేదు. "రాదే ఇది! ఇక రాదు! చేజేతులా పోగొట్టుకున్నాను. నాకు వేరే పని తెలీదే! రాకపోతే ఏం చేస్తావు? చెప్పు, ఏం చేస్తావు?"

అన్నాళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట అది. కళ్ళ నీళ్ళు తుడుచుకుందామంటే ఒక చెయ్యి ఆవిడ దగ్గరుంది, ఇంకో చెయ్యి పనికిరాదు.

ఆవిడ కొంగుతో ఆయన మొహం తుడిచింది, గట్టిగా, కోపంగానే తుడిచింది.

"రాకపోతే అప్పుడు ఇద్దరం కూర్చుని ఏడుద్దాం," అంది. "అప్పటిదాకా ఏడవనివ్వను. నొక్కండి."

గుర్రాలు కొండ దిగుతున్నాయి. ఆయన నొక్కాడు.